ఆమె పేరు చెప్పను

(ఏప్రిల్ 16, తెలుగు నాటకరంగ దినోత్సవం నాడు కందుకూరులో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న మిత్రులకు, నాటకం మొదలయ్యే దాకా ఈయన్ని భరించక తప్పదనుకుని కూర్చున్న తల్లులకు నమస్కారం. పెద్దల పేర్లు వరుసగా చెప్పడం ఆనవాయితీ. నాకు ఇచ్చింది 15 నిమిషాలు, అందులో 3 నిమిషాలు శాలువాకే పోయాయి. పైగా ఒకరి పేరు చెప్పి ఇంకొకరిది మరిచిపోతే ఆ కోపం వచ్చే ఏప్రిల్ దాకా ఉంటుంది. అందరూ క్షమించాలి.

నాకు ఇచ్చిన అంశం కందుకూరి వీరేశలింగం గారు, తెలుగు నాటక వికాసం. 1848లో ఇదే రోజున పుట్టారు. ఆయన ఇంటిపేరులో మన ఊరు ఉంది కాబట్టి ఆయన మీద మనకు కాస్త హక్కు ఎక్కువే. రాసుకొచ్చిన కాగితాలు ఇవిగో, నిర్వాహకులకు ఇచ్చేస్తున్నాను, సంచికలో వేసుకోండి. ఇవాళ నేను ఒక నాటకాలామె గురించి మాట్లాడాలి. యాభై ఏళ్ళుగా మాట్లాడాలనే అనుకుంటున్నాను. ప్రతిసారీ ఎవరో ఒక మహానుభావుడు అడ్డం వస్తున్నాడు.

ఆమె పేరు చెప్పను. ఎందుకో తరువాత చెబుతాను.

మా నాన్న హార్మోనిస్టు. 1965లో నాకు పదకొండేళ్ళు. హార్మోనియం పెట్టె ఒక చివర నాన్న, ఒక చివర నేను పట్టుకుని పొలాల గట్ల మీద నడిచేవాళ్ళం. అప్పుడు మనది నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా చేశారు, 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు, 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. ఆమె బతికి ఉంటే, కళాకారుల పింఛను దరఖాస్తులో జిల్లా గడి దగ్గరే ఒక పూట పట్టేది.

ఆ రోజుల్లో పొగాకు డబ్బు చేతిలో పడిన ఊళ్ళో నాటకం పడాల్సిందే. నాటకాల కాంట్రాక్టరు వచ్చి మొదట అడిగే మాట, ఆమె ఖాళీగా ఉందా అని. రాత్రికి ఆమెకు 150 రూపాయలు, మా నాన్నకు 40. ఈ తేడా గురించి మా అమ్మ అనే మాటలు ఈ సభలో చెప్పదగినవి కావు. నాన్న మాత్రం, "ఆమె పాడితేనే నా పెట్టెకు విలువ" అనేవాడు.

ఆమె ముఖానికి రంగు వేసుకోవడం చూడాలి. ఎడమ అరచేతిలో అర్దళం పోసుకుని, నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేసి, చూపుడు వేలితో మెదిపేది. ఒక చేతిలో పగిలిన అద్దం ముక్క, ఇంకో చేతిలో పెట్రోమాక్స్ పట్టుకుని నేను. దీపం కాస్త కదిలితే, "అబ్బయ్యా, నా ముక్కు ఎక్కడో నాకు తెలుసు, దీపం మాత్రం కదలనివ్వకు" అనేది. ఈ రాత్రి సత్యభామ, రేపు చంద్రమతి, ఎల్లుండి చింతామణి. పద్యం ఆమెదే, పాట ఆమెదే, గజ్జె కట్టి జావళికి అభినయమూ ఆమెదే. ఒక పద్యానికి మూడు వన్స్‌మోర్లు పడేవి. మూడోసారి పాడేటప్పుడు రాగం కొత్త దారి పట్టేది, నాన్న వేళ్ళు వెతుక్కునేవి.

మైకు బాబూ, ఒక్క నిమిషం ఆపు. ఆపావా?

(ఇక్కడ మైకు లేకుండా నాలుగు మాటలు మాట్లాడాను.)

సరే, వేసెయ్యి. వెనుక వరుసలో వాళ్ళు చేతులెత్తండి, ఏమైనా వినపడిందా? లేదు. ముప్ఫై ఏళ్ళు బడిలో అరిచిన గొంతు నాది, ఐదో వరుస దాటలేదు. ఆమె ఆలాపన ఎత్తుకుంటే చెరువు కట్ట అవతల కావలి పడుకున్నవాడు లేచి కూర్చునేవాడు. ఇది పొగడ్త కాదు. ఆ కావలివాడు మా మేనమామే.

ఒక్కటే చిక్కు, చదివింపులు. ఆమె పై షడ్జం మీద నిలబడి ఉంటే, పక్కనుంచి ఒకడు వచ్చి, ఫలానా షావుకారు గారు 11 రూపాయలు చదివించారని కేక పెట్టేవాడు. ఆమె స్వరం వదలకుండానే ఆ షావుకారు వైపు నమస్కారం పెట్టేది. అది ఏ గురువూ నేర్పని విద్య.

ఆడవేషాలు మగవాళ్ళే కట్టిన కాలం నుంచి వచ్చిన కళ మనది. సత్యభామ వేషం కట్టిన బాపట్ల స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు, ఇవ్వవలసిందే. ఆ సత్యభామనే ఈమె కడితే కందుకూరులో ఇల్లు అద్దెకు దొరకలేదు. రెండు వీధులు తిరిగి, చివరకు రైలు అందుబాటులో ఉంటుందని సింగరాయకొండలో గది తీసుకుంది. మనం ఇళ్ళు ఇవ్వలేదు కదా అని ఆమె నాటకానికి రానని అనలేదు.

ఇప్పుడు పతనం. పెద్ద మాటే, నాకూ ఇష్టం లేదు. ఎలా మొదలైందంటే, మైకు వల్ల. అంతకు ముందు ఆమె వేదికంతా తిరుగుతూ, కూర్చుంటూ, లేస్తూ పాడేది. మైకులు వచ్చాక ముందు వరసలో వాటి ఎదుట నిలబడి పాడమన్నారు. మైకు కాదు, మేకు. ఆమెను అక్కడ కట్టేశారు. ఆ గొంతుకు హారన్లు గరగరమనేవి. మైకు సెట్టువాడు వచ్చి, "కాస్త తగ్గించి పాడండమ్మా" అనేవాడు. అప్పటికే జనం చెవులకు లీల, జిక్కి, సుశీల గార్ల గొంతులు అలవాటయ్యాయి. సినిమాలో ఒకరు ఆడితే ఇంకొకరు పాడతారు. రెండూ ఒకే మనిషి చేస్తే ఆయాసం వినపడుతుంది. ఆ ఆయాసం విననివాళ్ళం కాము, అంతకు ముందు అది మనకు తప్పుగా తోచలేదు.

భానుమతి గారు ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. 1925లో ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన మన ఆడపడుచు, చివరి దాకా తన పాట తానే పాడుకున్నారు. 1939లో ఆమె తొలి చిత్రం వరవిక్రయం, కాళ్ళకూరి నారాయణరావు గారి నాటకమే. అదే కాళ్ళకూరి వారి ఇంకో నాటకం చింతామణి. ఒక నాటకం ఒకామెను సినిమాల్లోకి పంపింది, ఇంకో నాటకం ఇంకొకామెను ఊరూరా తిప్పి తిప్పి అరగదీసింది. కాళ్ళకూరి వారి తప్పు లేదు. ఆయన వేశ్యావృత్తి పోవాలని రాశారు, చివర చింతామణి అన్నీ వదిలేస్తుంది. ఆ చివర దాకా కూర్చునే ఓపిక పోయింది మనకు. అందులో సుబ్బిశెట్టి అనే హాస్యపాత్ర రంగం అరగంట నుంచి గంటన్నర అయింది, రాయని బూతులు చేరాయి. 2022 జనవరిలో ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. ఆ గంటన్నర సేపు వేదిక మీద ఆమె ఏ ముఖంతో కూర్చునేదో నేను చూశాను.

నిర్వాహకులు చీటీ పంపారు. చూశాను. ఇంకొక్కటి చెప్పి దిగిపోతాను, దానికోసమే వచ్చాను.

1974. పామూరు దారిలో ఒక ఊరు. నాకు ఇరవై ఏళ్ళు, కాలేజీ, వెడల్పు ప్యాంటు. నాన్న పెట్టె మోయడం మానేశాను, స్నేహితులతో వెళ్ళి అందరికంటే వెనుక, గడ్డివాము పక్కన నిలబడ్డాను. తెల్లవారుజామున చివరి అంకం. ఆమె పద్యం ఎత్తుకుంది. మా గుంపు, "రికార్డు! రికార్డు వెయ్యండి!" అని అరిచింది. రికార్డు డాన్సుకు ఒంగోలు నుంచి ఒక పిల్లను తెచ్చారని మాకు తెలుసు. అందరికంటే గట్టిగా అరిచింది నేను. కాంట్రాక్టరు పక్క నుంచి చేయి ఊపాడు, కానివ్వమ్మా అని. ఆమె ఆ చేయి చూసింది. చూసి, ముందు వరసలో దుప్పటి కప్పుకుని కూర్చున్న ఒక ముసలాయన వైపు తిరిగి, నాలుగు పాదాలూ పూర్తిగా పాడింది, ఆలాపనతో సహా. వన్స్‌మోర్ లేదు. చదివింపు లేదు. నాన్న పెట్టె మూసేశాడు.

నాన్న కోసం తెర వెనక్కు వెళితే ఆమె కొబ్బరినూనెతో ముఖం తుడుచుకుంటోంది. అవతల రికార్డు మోగుతోంది. నన్ను చూసి నవ్వి, "అబ్బయ్యా, గొంతు గట్టిదయ్యా నీది, మైకు లేకుండా చివరి నుంచి నాదాకా వచ్చింది" అంది. తరువాత మా నాన్నను, "అన్నయ్యా, బస్సు ఎన్నింటికి?" అని అడిగింది. ఆ మాటలో కోపం ఉందేమోనని ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఆ తరువాత మూడు నాలుగేళ్ళు తల్లి వేషాలు వేసింది, మానేసింది. పింఛనుకు అడిగితే ఒక కార్యాలయంలో కరపత్రాలు, ఫొటోలు తెమ్మన్నారు. ఆమె ట్రంకుపెట్టె నిండా ఉండేవి. మనవరాలి పెళ్ళిచూపుల ముందు రోజు కొడుకు వాటిని పెరట్లో తగలబెట్టాడు. ఆయన్ని తిట్టకండి. ఇల్లు అద్దెకు ఇవ్వని వీధుల్లో పెరిగాడు. మొన్న ఆ మనవరాలికి ఫోను చేసి, ఇలా మాట్లాడబోతున్నానని చెప్పాను. "చెప్పండి తాతయ్యా, పేరు మాత్రం వద్దు, మా అత్తగారింట్లో తెలియదు" అంది. అందుకే చెప్పలేదు.

మీ ఇళ్ళలో పాత పెట్టెల అడుగున పరిచిన కాగితాలు ఒకసారి తీసి చూడండి. 1960ల కరపత్రం ఏదైనా ఉంటే, ఏ ఊరిదైనా సరే, చింపకుండా నాకు ఇవ్వండి.

తెర వెనుక చంద్రమతి రంగు వేసుకుని అరగంట నుంచి నా వల్ల ఆగిపోయింది. హరిశ్చంద్ర కాటి సీను పద్యం బాగుంటే వన్స్‌మోర్ అనండి, పిల్లలూ, గట్టిగా అనండి. నేను అందామంటే ఐదో వరుస దాటదని ఇందాక మీరే చూశారు.