టేబుల్ క్రాష్ అయిందా? మైఐసామ్‌చెక్ రివ్యూ

నమస్తే అన్నలూ, అక్కలూ. వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ మిల్లుల ముందు లారీలు బారులు తీరి ఉంటాయి. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది, యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. మళ్లీ ఆన్ చేస్తే కాటా బిల్లులు తెరుచుకోవు, స్క్రీన్ మీద టేబుల్ (డేటా పట్టిక) క్రాష్ అయిందని ఎర్రర్. పాత మైఎస్‌క్యూఎల్ (డేటా దాచే డేటాబేస్ ప్రోగ్రామ్) మీద నడిచే సాఫ్ట్‌వేర్లకు ఈ టెన్షన్ ఎక్కువ. అలా పాడైన టేబుళ్లను బాగుచేసే మైఐసామ్‌చెక్ అనే టూల్ గురించే ఈ రివ్యూ.

ముందు డేటా ఫోల్డర్ చూడండి. టేబుల్ పేరుతో ఎమ్‌వైఐ ఫైలు ఉంటే అది మైఐసామ్ అనే ఇంజిన్ (డేటాను దాచే పద్ధతి) టేబుల్. ఐబీడీ ఉంటే ఇన్నోడీబీ అనే ఇంకో ఇంజిన్, దాని సంగతి చివర్లో చెప్తా.

టేబుళ్లను చెక్ చేసే ఇంకో టూల్ మైఎస్‌క్యూఎల్‌చెక్, ఇది మైఎస్‌క్యూఎల్ సర్వర్ నడుస్తుండగానే పని చేస్తుంది. రోజువారీ చెకింగ్‌కు నా ఓటు దానికే. మైఐసామ్‌చెక్ నేరుగా ఫైళ్ల మీదే చేయి వేస్తుంది. అందుకే సేటు ఎంత తొందరపెట్టినా ముందు సర్వర్ ఆపండి, లేకపోతే బాగున్న టేబుల్ కూడా పాడయ్యే ప్రమాదం ఉంది. ఆ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొట్టాకే కమాండ్ టైప్ చేయండి.

ఇక మైఐసామ్‌చెక్ కమాండ్‌తో ఇచ్చే ఆప్షన్లు. రిపేర్ చేసే హైఫన్ ఆర్ (-r)తో పాటు హైఫన్ క్యూ (-q) ఇస్తే డేటా ఫైలును ముట్టుకోకుండా ఇండెక్స్ (డేటాను త్వరగా వెతికే సూచిక) మాత్రమే మళ్లీ కడుతుంది. నేనైతే దీంతోనే మొదలుపెడతా. కుదరకపోతే ఒట్టి హైఫన్ ఆర్. అదీ చేతులెత్తేస్తే హైఫన్ ఓ (-o). ఇది పాత పద్ధతి, ఒక్కో రో (టేబుల్‌లోని వరుస) చదువుకుంటూ పోతుంది. చాయ్ తాగి రావచ్చు, అంత నిదానం. కానీ ఆర్‌కు లొంగని కొన్ని కేసులు దీనికి లొంగుతాయి.

హైఫన్ ఈ (-e) దగ్గర మాత్రం జాగ్రత్త. చెకింగ్‌లో వాడితే నష్టం లేదు, టైమ్ ఎక్కువ తీసుకుంటుందంతే. అదే రిపేర్‌లో ఆర్‌తో కలిపితే దొరికిన ప్రతి రోనూ బయటికి లాగుతుంది, చెత్త రోలు కూడా వచ్చేస్తాయి. అసలు వడ్లే తేని రైతు పేరు మీద బిల్లు కనిపించినా ఆశ్చర్యం లేదు. ఇక వేరే దారే లేదన్నప్పుడే దాన్ని ముట్టుకోండి.

ఇన్నోడీబీకి ఈ రిపేర్ ఆప్షన్లేవీ పనికిరావు. మైఎస్‌క్యూఎల్ 5.5 నుంచి డీఫాల్ట్ ఇంజిన్ అదే. దానికి కాన్ఫిగ్ ఫైల్లో ఇన్నోడీబీ ఫోర్స్ రికవరీ అనే సెట్టింగ్ ఉంది, 1 నుంచి 6 దాకా. 1తో మొదలుపెట్టి ఒక్కో అంకె పెంచండి. సర్వర్ లేవగానే డంప్ (డేటా మొత్తం కాపీ) తీసుకొని కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించండి. 4 గానీ ఆపైన గానీ పెడితే డేటా శాశ్వతంగా పాడయ్యే ప్రమాదం ఉంది, కాబట్టి అది కాపీ మీదే చేయండి.