ఆ గుడ్డ ముక్క ఎవరిది?

సభకు విచ్చేసిన తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు నమస్కారం.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఒక మాసిన గుడ్డ ముక్క గురించి. అది ఒక ఇంట్లో చిన్న దుప్పటి కావచ్చు, మరో ఇంట్లో చెవి ఊడిన కుందేలు బొమ్మ కావచ్చు. ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలు దాన్ని చంకన పెట్టుకుని తిరుగుతారు. అది పక్కన లేనిదే కన్ను మూయరు. కనబడకపోతే ఇల్లు పీకి పందిరి వేస్తారు. పెద్దవాళ్లకు అది చూడ ముచ్చటగానూ ఉంటుంది, నలుగురిలో కాస్త నామోషీగానూ ఉంటుంది. "ఇంకా ఆ గుడ్డ వదల్లేదా?" అని ఎవరైనా అడిగితే పిల్లల్లో ఏదో లోపాన్ని ఎత్తిచూపినట్లు మనం ముడుచుకుపోతాం. లోపం లేకపోగా, పసిమనసు తనంతట తాను చేసుకున్న మొట్టమొదటి ఏర్పాట్లలో అది ఒకటని నా అభిప్రాయం.

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి ముందే చెప్పుకుంటాను. మా మనవరాలికి బూడిద రంగు దుప్పటి ఒకటి ఉండేది. దానికి నాలుగు మూలలున్నా ఆమెకు కావలసింది ఒక్కటే, నున్నటి పట్టీ కుట్టు వదిలి వేలాడుతున్న మూల. బొటనవేలు నోట్లో పెట్టుకుని, ఆ పట్టీని చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించి, పై పెదవి మీద అటూ ఇటూ రాసుకుంటూ నిద్రలోకి జారుకునేది. ఒకనాటి మధ్యాహ్నం ఆమె ఆటలో ఉండగా నేను దాన్ని శుభ్రంగా ఉతికి, ఆరేసి, ఊడిన పట్టీని కూడా కుట్టి పెట్టాను. రాత్రి దాన్ని అందుకుని, ముక్కుకు ఆనించుకుని, ఒక్క క్షణం ఆగి, "ఇది కాదు" అంది. అదేనని ఎంత నచ్చజెప్పినా వినలేదు. ఆమె చెప్పింది నిజమేనని నాకు తరువాత అర్థమైంది. గుడ్డ అదే, కానీ అందులోని వాసన, ఆ వేలాడే అంచు, ఆమె వేళ్లకు తెలిసిన గరుకుదనం పోయాయి. ఆ రాత్రి మాకెవరికీ నిద్ర లేదు.

ఇలాంటి వస్తువు గురించి మొదట లోతుగా ఆలోచించినవారిలో ముఖ్యుడు డొనాల్డ్ విన్నికాట్. ఆయన ఇంగ్లండుకు చెందిన పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు. 1951లో లండనులో తన తోటి విశ్లేషకుల ముందు చదివి 1953లో ప్రచురించిన పత్రంలో దీనికి ట్రాన్సిషనల్ ఆబ్జెక్ట్ అని పేరు పెట్టారు. నడిమి వస్తువు అని మనం అనుకోవచ్చు. ఏడవగానే తల్లి వచ్చే తొలి నెలల్లో, తానూ తల్లీ వేరు వేరన్న ఎరుక బిడ్డకు ఉండదు. పోనుపోను తల్లి రావడానికి కొంచెం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి రాదు కూడా. ఆ ఖాళీలో బిడ్డ చేతికి తగిలిన ఏదో ఒక మెత్తనిది, పూర్తిగా తానూ కాక పూర్తిగా పరాయిదీ కాక, తోడుగా నిలుస్తుంది. నాలుగు నెలలు మొదలు ఏడాది లోపల ఎప్పుడైనా ఈ అనుబంధం మొదలుకావచ్చునని ఆయన గమనించారు. మనం పది బొమ్మలు కొని తెచ్చినా బిడ్డ పదకొండో వస్తువును, మనం లెక్కలోకి తీసుకోనిదాన్ని, ఎంచుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే. ఎంపిక బిడ్డది కాబట్టే దానికి అంత బలం. తల్లి దాన్ని మాసిపోనిస్తుందనీ, ఉతికితే బిడ్డ అనుభవంలోని కొనసాగింపు తెగిపోతుందని ఆమెకు తెలుసుననీ విన్నికాట్ రాశారు. అది చదివినప్పుడు ఆ దుప్పటి తలపుకొచ్చి నాకు సిగ్గేసింది.

మెత్తదనానికి ఎందుకంత విలువ అన్నదానికి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హ్యారీ హార్లో చేసిన కోతిపిల్లల ప్రయోగాలను తరచుగా ఉదహరిస్తారు. తల్లికి దూరం చేసిన రీసస్ కోతిపిల్లలు పంజరంలో పరిచిన గుడ్డలను పట్టుకుని వదలకపోవడం గమనించి, ఆయన తీగతో ఒకటి, మెత్తటి గుడ్డ చుట్టి మరొకటి బొమ్మతల్లులను తయారుచేశారు. పాలు తీగతల్లి దగ్గరే దొరికినా పిల్లలు ఎక్కువసేపు గుడ్డతల్లినే కరుచుకుని ఉన్నాయని 1958లో ప్రకటించారు. ఆ పిల్లలు పడిన బాధ తలచుకుంటే ఆ ఫలితాన్ని సంతోషంగా చెప్పడం నావల్ల కాదు.

అంతకంటే మనకు దగ్గరగా ఉన్నది 1975లో పాస్‌మన్, వైస్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన. తమ దుప్పటి మీద మమకారం ఉన్న పిల్లలను కొత్త గదిలో ఉంచినప్పుడు, తల్లి పక్కన ఉంటే ఎంతగా ఆడుకున్నారో, గదిని ఎంతగా కలియదిరిగారో, దుప్పటి ఉన్నా దాదాపు అంతే చేశారు. అంటే ఆ వస్తువు పిల్లలను మూలన కూర్చోబెట్టదు, ముందుకు నడిపిస్తుంది. పిల్లలబడిలో తొలి రోజే దాన్ని లాక్కుని బీరువాలో పెట్టే ఉపాధ్యాయులు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలని నా మనవి. చేతికి అందే అరలో పెట్టి, "కావలసినప్పుడు తీసుకో" అంటే చాలు. ఆటలో పడ్డాక చాలామంది పిల్లలు దాని వంకే చూడరు.

సరిగ్గా అలాంటిదే మరొకటి కొనిస్తే సరిపోదా అని తండ్రులు అడుగుతుంటారు. బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన ప్రయోగంలో, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు వస్తువులకు నకలు తీసే యంత్రమని చెప్పి రెండు పెట్టెలను చూపించారు. మామూలు బొమ్మల విషయంలో పిల్లలకు పట్టింపు లేదు. తాము ప్రాణంగా చూసుకునే వస్తువు దగ్గరికి వచ్చేసరికి చాలామంది అసలుదే కావాలన్నారు, కొందరైతే దాన్ని పెట్టెలో పెట్టడానికే ఒప్పుకోలేదు. కాబట్టి జత కొనాలనుకుంటే మొదటి నుంచీ రెండింటినీ మార్చి మార్చి ఇచ్చి, రెండూ ఒకేలా మాసేలా చూడాలి. పోయిన తరువాత కొత్తది తెచ్చి అదే ఇదని నమ్మించబోవడం వృథా ప్రయాస.

ఒక్క జాగ్రత్త మాత్రం విడిచిపెట్టరాదు. ఏడాది నిండని బిడ్డ నిద్రపోయే చోట మెత్తటి బొమ్మలు గానీ వదులు గుడ్డలు గానీ ఉంచకూడదు, అవి ముక్కుకు అడ్డుపడి ఊపిరాడకుండా చేయవచ్చు. ఆ తరువాత కూడా ఊడివచ్చే గుండీలు, పొడవాటి రిబ్బన్లు లేనిదే ఇవ్వాలి.

పిల్లలందరికీ ఇలాంటి వస్తువు ఉంటుందనేమీ లేదు. తల్లి పక్కనే పడుకునే పిల్లల్లో ఇది తక్కువని కొన్ని దేశాల పరిశీలనల్లో కనిపించింది. ఉన్నా లేకున్నా కంగారు పడవలసింది లేదు. కంగారు పడవలసింది, మాట వినకపోతే ఆ గుడ్డ పారేస్తానని బెదిరించే మన అలవాటు గురించి.

ఎలా మాన్పించాలన్నది నన్ను అందరూ అడిగే ప్రశ్న. మాన్పించనక్కరలేదు. అది మరుగున పడిపోదు, దాని కోసం పిల్లలు శోకించరు, దాని అర్థం మాత్రం మెల్లగా ఇంకిపోతుందని విన్నికాట్ అన్నారు. మా మనవరాలికి ఇప్పుడు ఏడేళ్లు. మొన్న అర సర్దుతుంటే అడుగున ఆ దుప్పటి బయటపడింది, నేను కుట్టిన పట్టీ మళ్లీ ఊడిపోయి ఉంది. ఉతకనా అని అడిగాను. ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, "వద్దులే అమ్మమ్మా, అక్కడే ఉండనీ" అని ఆటకు పరుగెత్తింది.