ఉచ్చును కనిపెట్టే కన్ను

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, పెంటల నుంచి, అంటే అడవిలోని గూడేల నుంచి వచ్చిన చెంచు అన్నలకు, అక్కలకు దండాలు. అన్నా, వెనక నిలబడ్డారేం? ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. వన్యప్రాణి వారోత్సవం అంటే ముందు మీదే.

నల్లమల పులుల లెక్క గురించి చెప్పమన్నారు. రెండు చదరపు కిలోమీటర్లకు ఒక జత కెమెరాలు పెడతారు. జత ఎందుకంటే, పులి కుడిపక్క చారలు, ఎడమపక్క చారలు ఒకటి కావు. రెండు పక్కలా ఫొటో పడితేనే అది ఏ పులో తేలుతుంది. ఎదురుగా గడ్డి కోయకపోతే గాలికి అది ఊగినప్పుడల్లా కెమెరా క్లిక్కుమంటుంది, బ్యాటరీ అయిపోతుంది. ఇదంతా సరే, ఏ బాటన కట్టాలి? వాగు ఇసుకలో అడుగు చూసి, చెట్టు మీద గోళ్ల గీత చూసి చెప్పేది అడవిని కాపలా కాసే చెంచు వాచరే.

లెక్క సంగతి అక్కడ ఆపుతాను. ఇదిగో, ఈ తీగ చూడండి. మోటార్ సైకిల్ క్లచ్ వైరు. దీంతోనే ఉచ్చు పన్నుతారు. అడవిపంది కోసం పెట్టినా పులి మెడకూ పడుతుంది. ముడి ఒకవైపే జారుతుంది, లాగేకొద్దీ బిగుస్తుంది. తెంపుకుని పోయినా తీగ మెడలోనే ఉండిపోయి పుండు పడుతుంది.

తుప్పు రంగు కాబట్టి నిలబడి చూస్తే కనిపించదు. వాచర్ వంగి, మోకాలెత్తున కర్ర ఆడిస్తూ నడుస్తాడు. బాటకు అడ్డంగా కొత్తగా నరికిన కొమ్మలున్నాయా, చెట్టు మొదట్లో బెరడు ఒరుసుకుందా, కంచెలో సందు ఉందా అని చూస్తాడు. ఒకటి దొరికితే వెంటనే పీకెయ్యడు, అక్కడే ఆగుతాడు. ఉచ్చులు వరుసగా పెడతారు. రెండోది తన కాలికే తగలొచ్చు. ఎండాకాలమైతే సాసర్ పిట్ల, అంటే జంతువులు నీళ్లు తాగే తొట్ల దారులన్నీ ఇలాగే వెతకాలి, పైగా అగ్గి పడితే కొమ్మలతో కొట్టి ఆర్పాలి.

ఇక్కడ యురేనియం తవ్వుతారన్న మాట వచ్చినప్పుడు రోడ్డెక్కిందీ ఈ నల్లమల జనమే. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది.

ఇంత చేసే మనిషికి జీతం నెలనెలా అందాలి. బూట్లు, టార్చి, పాము కాటుకు దగ్గర్లో మందు ఉండాలి. ఇవి లేకుండా సన్మానం శాలువాలెందుకండీ?

అంచు ఊళ్ల రైతన్నలూ, పందులు పంట తింటున్నాయని నాకూ తెలుసు. నష్టపరిహారం కోసం మీతో కలిసి దరఖాస్తు రాయిస్తాను. చేనికి కరెంటు తీగ మాత్రం పెట్టకండి, రాత్రిపూట ఆ దారిన వాచర్లు కూడా నడుస్తారు.

ఈ తీగను ముందు వరుస నుంచి పంపుతున్నాను. ముడి లాగి చూడండి. పిల్లలకు చూపించండి గానీ, వేలు పెట్టనివ్వకండి.