శబ్దం అడుగున పాట: ‘77 లైవ్ ఎలా వినాలి?

[తెర మీద: నల్లటి నేపథ్యం, తెల్ల అక్షరాల్లో ‘తచికావా, 1977 మార్చి 12’]

పశ్చిమ టోక్యోలోని తచికావాలో జరిగిన కచేరీ రికార్డింగే ఈ ‘77 లైవ్ ఆల్బమ్. దీన్ని మొదటిసారి పెట్టినవాళ్లు ముందు స్పీకర్ వైరే చూసుకుంటారు. వైరు బాగానే ఉంటుంది. రికార్డింగే అంత గోలగా ఉంటుంది.

బ్యాండ్ పేరు లే రల్లీజ్ దెన్యుదే. పేరు ఫ్రెంచ్ వాసన కొట్టినా వీళ్లు పక్కా జపాన్ కుర్రాళ్లు. 1967లో క్యోటోలోని దోషిషా యూనివర్సిటీలో మొదలుపెట్టారు. పాట, గిటార్, పెత్తనం అన్నీ తకాషి మిజుతానివే.

[తెర మీద: విమానం బొమ్మ, ‘1970 మార్చి 31’]

వీళ్ల గురించి ఎవరు మాట్లాడినా ముందు ఈ విమానం కథే చెబుతారు. బ్యాండ్‌లో తొలి బేసిస్ట్ (కింది స్వరాల బేస్ గిటార్ వాయించేవాడు) మొరియాకి వకబయాషి, జపాన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని హైజాక్ చేసిన తొమ్మిది మందిలో ఒకడు. విమానాన్ని ఉత్తర కొరియాకి తీసుకుపోయి అక్కడే ఉండిపోయాడు. సినిమాకి సరిపడా కథే, కాదనను. కానీ ఏడేళ్ల తర్వాత పశ్చిమ టోక్యోలో జరిగిన ఈ కచేరీలో అతను లేడు. సంగతి సంగీతంలో ఉంది, అక్కడికి పోదాం.

[తెర మీద: గిటార్ నుంచి ఆంప్లిఫైయర్‌కి, మళ్లీ గిటార్‌కి తిరిగే బాణం గుర్తు]

పెళ్లి పందిట్లో మైకు స్పీకర్‌కి ఎదురుగా పోతే చెవులు చిల్లులు పడేలా ‘కుయ్‌య్’ అంటుంది కదా? అదే ఫీడ్‌బ్యాక్. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి పోయి, పెరిగి, మళ్లీ బయటికొస్తుంది. గిటార్‌లోనూ అంతే. ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్లిఫైయర్) గట్టిగా పెట్టి ఎదురుగా నిలబడితే, ఆ శబ్దానికే తీగలు మళ్లీ కంపిస్తాయి. మీటకపోయినా స్వరం ఆగదు. అందరూ తప్పించుకునే ఈ గోలనే మిజుతాని ముడిసరుకు చేసుకున్నాడు. ఎటు తిరిగితే ఏ స్వరం అరుస్తుందో అతనికి తెలుసు.

మరి ఇంత గోలలో పాట ఎక్కడ? బేస్ గిటార్‌లో. ఈ ఆల్బమ్‌లోని ‘నైట్ ఆఫ్ ది అసాసిన్స్’ పాట తీసుకోండి. ఆ బేస్ వరస 1963 నాటి అమెరికన్ పాప్ హిట్ ‘ఐ విల్ ఫాలో హిమ్’ని అచ్చం గుర్తుచేస్తుంది. టీనేజ్ ప్రేమపాట బాణీ! పైన గిటార్ ఎంత తగలబడుతున్నా కింద ఆ బుజ్జి బాణీ తిరుగుతూనే ఉంటుంది, మారదు, తడబడదు. అది పట్టుకుంటే గిటార్ ఎటు పోయినా మీరు దారి తప్పరు. నాకైతే ఆల్బమ్‌కి ప్రాణం ఇదే, విమానం కాదు.

[తెర మీద: ‘1991’]

ఇంకో విచిత్రం. కచేరీ 1977లో, సీడీ వచ్చింది 1991లో! అప్పుడే మరో రెండు సీడీలు కూడా విడుదలయ్యాయి. అంతకుముందూ ఆ తర్వాతా అభిమానుల చేతుల్లో తిరిగినవన్నీ దాదాపు దొంగ రికార్డింగులే. మిజుతాని 2019లో చనిపోతే ఆ వార్త బయటికి వచ్చిందే 2021లో. 2022లో ఈ ఆల్బమ్ శుభ్రం చేసి మళ్లీ విడుదల చేశారు. కొత్తగా వినేవాళ్లు అదే వినండి, బేస్ తేటగా తెలుస్తుంది.

కాపీరైట్ టెన్షన్ వల్ల ఇక్కడ ముక్క కూడా వినిపించలేను. చివరి పాట ‘ద లాస్ట్ వన్’ దాదాపు 25 నిమిషాలు, దానితో మాత్రం మొదలుపెట్టకండి. ముందు ‘నైట్ ఆఫ్ ది అసాసిన్స్’, హెడ్‌ఫోన్స్‌లో, వాల్యూమ్ సగానికి తగ్గించి.