ఆదివారం మధ్యాహ్నం, ఊరి మైదానం: ఐర్లండ్‌ను చూడవలసిన చోటు

నమస్కారం. ఐర్లండ్‌కు వెళ్లే మనవారు సాధారణంగా మోహర్ కొండచరియల అంచున నిలబడి, డబ్లిన్ టెంపుల్ బార్ వీధుల్లో తిరిగి, ఒకటి రెండు పాత కోటలు చూసి వస్తారు. అవన్నీ చూడదగినవే. కానీ ఈ వీడియోలో నేను మిమ్మల్ని ముందుగా టిప్పరరీ కౌంటీలోని (కౌంటీ అంటే మన జిల్లా వంటిది) ఒక పల్లె మైదానానికి తీసుకువెళ్తాను. ఐర్లండ్ చరిత్ర గురించి అంతకుముందు చదివిందంతా నాకు నిజంగా అర్థమైంది అక్కడే, సన్నటి తుంపర పడుతుండగా హర్లింగ్ ఆట చూస్తున్నప్పుడు.

ఆట ఏమిటో ముందు చెప్తాను. జట్టుకు 15 మంది. ప్రతి ఒక్కరి చేతిలో చివర వెడల్పుగా, చదునుగా ఉండే ఒక కర్ర ఉంటుంది. దాని పేరు హర్లీ. ఐరిష్ భాషలో కమాన్ అంటారు. తోలు కుట్టిన చిన్న బంతి పేరు స్లిటర్. గోల్ స్తంభాలు హెచ్ అక్షరం ఆకారంలో ఉంటాయి. అడ్డకర్ర కింద నుంచి బంతి వలలోకి పోతే గోల్, అంటే 3 పాయింట్లు. పైనుంచి పోతే 1 పాయింటు. అందుకే స్కోరు బోర్డు మీద 2-18 అని కనబడితే, 2 గోల్స్, 18 పాయింట్లు కలిపి 24 అని లెక్కకట్టుకోవాలి. నేల మీది బంతిని నేరుగా చేత్తో తీయకూడదు, కర్రతో లేపాలి. పట్టుకున్నాక 4 అడుగులు వేసేదానికి మించి చేతిలో ఉంచుకోకూడదు. అందువల్ల ఆటగాడు బంతిని కర్ర చివర నిలబెట్టుకొని పూర్తి వేగంతో పరుగెత్తుతాడు. ఆ దృశ్యాన్ని మొదటిసారి చూసినవారికి అది కింద పడకుండా ఎలా నిలిచిందో అంతుపట్టదు. కర్రలు ముఖానికి దగ్గరగా ఊగే ఈ ఆటలో హెల్మెట్ అన్ని స్థాయుల్లోనూ తప్పనిసరి అయింది 2010లోనే.

ఆ కర్ర గురించి ఇంకాస్త చెప్పాలి. దాన్ని యాష్ చెట్టు మొదలులో, కాండం వేరులోకి వంగే చోట కోసిన చెక్కతో చేస్తారు. చెక్కలోని చార ఆ వంపు వెంటే సాగుతుంది కనుక దెబ్బకు విరగకుండా నిలుస్తుంది. చెట్టు సహజంగా వంగిన తీరే కర్రకు బలం. అయితే యాష్ చెట్లను చంపే ఒక శిలీంధ్ర వ్యాధి 2012లో ఐర్లండ్‌లో బయటపడింది. అప్పటినుంచి స్వదేశీ చెక్క తగ్గుతూ వస్తోంది, వెదురుతోనూ కృత్రిమ పదార్థాలతోనూ చేసిన హర్లీలు మైదానంలోకి వచ్చాయి. 2018లో యునెస్కో హర్లింగ్‌ను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆట నిలిచినా, దానికి కర్రనిచ్చిన చెట్టే దెబ్బతినడం నాకు బాధ కలిగించే విషయం.

ఇప్పుడు అదే టిప్పరరీలోని థర్లెస్ పట్టణానికి వద్దాం. 1884 నవంబరు 1న అక్కడి హేస్ హోటల్‌లో మైకేల్ క్యూసాక్ అనే ఉపాధ్యాయుడు, మారిస్ డేవిన్ అనే పేరుమోసిన క్రీడాకారుడు, మరికొందరు కలిసి ఐర్లండ్ సొంత ఆటలను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను స్థాపించారు. అప్పటికి 1845లో మొదలైన మహా కరువు ముగిసి మూడు దశాబ్దాలు దాటింది. ఆ కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కి దేశం వదిలారు. ఐరిష్ మాట్లాడే పల్లెలు ఖాళీ అయ్యాయి, ఊరి ఆటలు వెనుకబడ్డాయి. పాలకులైన బ్రిటిష్ వారి ఆటలు నేర్చుకుంటేనే నాగరికులమన్న భావన బలపడుతున్న కాలంలో, మా ఆటకు మేమే నియమాలు రాసుకుంటామని ఆ కొద్దిమంది నిర్ణయించుకున్నారు. ఆ హోటల్ భవనం లిబర్టీ స్క్వేర్‌లో ఇప్పటికీ ఉంది.

ఆ సంస్థ గుండెకాయ డబ్లిన్‌లోని క్రోక్ పార్క్. 82,000 మందికి పైగా పట్టే ఈ స్టేడియాన్ని చూడటానికి వెళ్లినప్పుడు, హోగన్ స్టాండ్ అనే పేరు దగ్గర కాసేపు ఆగండి. 1920 నవంబరు 21, ఆదివారం. స్వాతంత్ర్య యుద్ధం జరుగుతోంది. ఆ ఉదయం ఐరిష్ విప్లవకారులు నగరంలో బ్రిటిష్ గూఢచారులుగా అనుమానించినవారిని కాల్చి చంపారు. మధ్యాహ్నం డబ్లిన్, టిప్పరరీ జట్ల మధ్య గేలిక్ ఫుట్‌బాల్ (ఆ సంస్థే నడిపే మరో ఆట) మొదలైన కొద్దిసేపటికే బ్రిటిష్ బలగాలు లోపలికి వచ్చి జనం మీద కాల్పులు జరిపాయి. 14 మంది మరణించారు. వారిలో టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఒకడు. అందరికన్నా చిన్నవాడికి పదేళ్లు. మరికొద్ది రోజుల్లో పెళ్లి పెట్టుకున్న ఒక యువతి కూడా ఉంది. ఆ ఘటన జరిగి వందేళ్లయిన రోజున, కోవిడ్ కారణంగా ప్రేక్షకులు లేని మైదానంలో 14 దీపాలు వెలిగించి వారి పేర్లు చదివారు.

ఈ చరిత్ర తెలిస్తేనే 2007 ఫిబ్రవరి 24 ప్రాముఖ్యం అర్థమవుతుంది. విదేశీ ఆటలకు ఆ మైదానంలో చోటివ్వకూడదన్న నియమం ఎంతోకాలం ఉండేది. 2005లో దాన్ని సడలించారు. ఆ తర్వాత ఇంగ్లండ్ రగ్బీ జట్టు అక్కడ ఆడటానికి వచ్చినప్పుడు, బ్రిటిష్ జాతీయగీతం వినిపిస్తున్నంతసేపూ నిండు స్టేడియం మర్యాదగా మౌనంగా నిలబడింది. తర్వాత ఐర్లండ్ 43-13 స్కోరుతో గెలిచింది. ఆ గెలుపు కన్నా ఆ మౌనమే నాకు గొప్పదిగా తోస్తుంది.

ఇంత పెద్ద స్టేడియాన్ని నింపే ఆటగాళ్లకు జీతం లేదు. శనివారం, ఆదివారం వేలాది మంది ముందు ఆడినవారు సోమవారం బడిలో పాఠం చెబుతారు, పాలు పితుకుతారు, బ్యాంకులో కూర్చుంటారు. క్లబ్బు సాధారణంగా ఒక పారిష్‌ది, అంటే ఒక చర్చి పరిధిలోని ఊళ్లది. డబ్బిచ్చి ఆటగాణ్ణి కొనే పద్ధతి లేదు, పుట్టి పెరిగిన ఊరికే ఆడతారు. ఆ పల్లె మైదానంలో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒక్కో ఆటగాణ్ణి చూపిస్తూ ఎవరి కొడుకో, ఎవరి మనవడో చెప్పారు కానీ, ఎవరు ఎన్ని పాయింట్లు చేశారో చెప్పలేదు.

పండుగల్లోనూ ఇదే ఊరి బంధం కనిపిస్తుంది. అసోసియేషన్ పుట్టిన నవంబరు 1 ఐరిష్ వారి సౌవిన్ పండుగ రోజు. ఐరిష్ భాషలో ఆ నెల పేరే సౌవిన్. ప్రపంచమంతా గుమ్మడికాయలతో జరుపుకొనే హాలోవీన్‌కు మూలం ఇదే. గుమ్మడికాయ అమెరికాలో వచ్చి చేరింది, ఇక్కడ పాత పద్ధతిలో టర్నిప్ దుంపలను చెక్కేవారు. ఆ రోజు చేసే బార్మ్‌బ్రాక్ అనే తీపి రొట్టెలో ఉంగరం పెడతారు, అది ఎవరి ముక్కలో వస్తే వారికి ఏడాదిలోగా పెళ్లి అని నమ్మిక.

మార్చి 17న ఐర్లండ్ రక్షక సాధువు పేరిట జరిగే సెయింట్ పాట్రిక్ పండుగ గురించి మీరు వినే ఉంటారు. అయితే ఆనాడు ఐర్లండ్‌లో పబ్బులు మూసి ఉంచాలన్న చట్టం 1920ల నుంచి 1960ల మొదలు దాకా అమల్లో ఉండేదని చాలామందికి తెలియదు. పాట్రిక్‌ను దగ్గరగా తెలుసుకోవాలంటే జూలై చివరి ఆదివారం మేయో కౌంటీకి వెళ్లండి. 764 మీటర్ల క్రోక్ పాట్రిక్ కొండను వేలాది మంది యాత్రికులు ఎక్కుతారు, కొందరు పదునైన రాళ్ల మీద చెప్పులు లేకుండానే నడుస్తారు. అలిపిరి మెట్ల మీద మోకాళ్లతో ఎక్కేవారిని చూసిన మనకు ఆ భక్తిని ఎవరూ వివరించనక్కరలేదు. ఆగస్టులో కెర్రీ కౌంటీలోని కిల్లోర్గ్లిన్‌లో అడవి మేకకు కిరీటం పెట్టి ఎత్తైన మంచె మీద నిలిపే పక్ ఫెయిర్ ఎంతో పాతది, జనం ఎంతో ఆప్యాయంగా జరుపుకొనేది. అయినా ఆ మూగజీవాన్ని అంత ఎత్తున ఉంచడానికి మాత్రం నా మనసు ఒప్పుకోలేదు.

రోస్కామన్ కౌంటీలో బాయిల్ అనే చిన్న ఊరుంది. పర్యాటకులు అక్కడి పాత మఠాన్ని చూడటానికి ఆగుతారు. తెలుగువారు ఆగడానికి ఇంకో కారణం ఉంది. మార్గరెట్ కజిన్స్ పుట్టిన ఊరు అదే. సంగీతం చదివి, ఐర్లండ్‌లో స్త్రీల ఓటు హక్కు కోసం జైలుకు వెళ్లిన ఆమె, తర్వాత భర్త జేమ్స్ కజిన్స్‌తో కలిసి మన దేశానికి వచ్చారు. 1919లో మదనపల్లెలోని బెసెంట్ థియోసాఫికల్ కళాశాలలో జేమ్స్ ప్రిన్సిపాల్‌గా ఉండగా రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ బస చేశారు. ఆయన పాడిన జనగణమనకు స్వరలిపి రాసింది మార్గరెట్. బాయిల్ వీధిలో నడుస్తూ ఆ సంగతి గుర్తు చేసుకున్నప్పుడు నా గొంతు పూడుకుపోయింది.

మీరు వెళ్లదలిస్తే, కౌంటీల మధ్య పెద్ద పోటీలు జూలైలో ముగుస్తాయి, ఆ తర్వాత క్లబ్బుల పోటీలు జరుగుతాయి. టికెట్ చాలా చోట్ల ముందుగా ఆన్‌లైన్‌లో కొనాలి. వాన కోటు మరవకండి. ఆట ముగిసిన వెంటనే బస్సు కోసం పరుగెత్తకండి. ఊరి పిల్లలు తమ పొట్టి హర్లీలు పట్టుకొని మైదానంలోకి దూకి, పెద్దవాళ్లు ఇప్పుడే గోల్ కొట్టిన చోట నిలబడి కొట్టడం మొదలుపెడతారు. అమ్మలు పిలుస్తున్నా చీకటి పడేదాకా వాళ్లు కదలరు.