బ్యాష్ ట్యాబ్ కంప్లీషన్ హెల్పర్ ఫంక్షన్లు: ఏది వాడాలి, ఏది వదిలేయాలి

నమస్కారం అండి. టెర్మినల్‌లో సగం టైప్ చేసి ట్యాబ్ నొక్కితే మిగతా సగం దానంతటదే పడుతుంది కదా, ఇవాళ రివ్యూ దాని వెనక పనిచేసే సరుకు గురించి. బ్యాష్ అంటే టెర్మినల్‌లో మనం కొట్టే కమాండ్లు చదివి నడిపే షెల్ ప్రోగ్రామ్. దానికి తోడైన బ్యాష్-కంప్లీషన్ అనే ప్యాకేజీలో ఉండే హెల్పర్ ఫంక్షన్లు, అంటే ట్యాబ్ కంప్లీషన్ రాయడానికి సాయపడే రెడీమేడ్ ఫంక్షన్లు అన్నమాట. చాలామంది ఆ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి దాని సంగతే మర్చిపోతారు. సొంతంగా ఒక స్క్రిప్ట్ రాసుకుని, దీనికి కూడా ట్యాబ్ పనిచేస్తే బాగుండు అనుకున్నప్పుడే లోపలికి తొంగి చూస్తారు. వాళ్ల కోసమే ఈ వీడియో.

అసలు బ్యాష్ మనకేమిస్తుందో ముందు చూద్దాం. 2000లో వచ్చిన 2.04 వెర్షన్ నుంచే కంప్లీట్, కంప్‌జెన్ అనే రెండు కమాండ్లు బ్యాష్‌లో ఉన్నాయి. ఏ కమాండ్‌కి ఏ ఫంక్షన్ పిలవాలో కంప్లీట్‌తో చెబుతాం, టైప్ చేసినదానికి సరిపడే పదాల్ని కంప్‌జెన్ ఏరి ఇస్తుంది. మీరు ట్యాబ్ నొక్కగానే బ్యాష్ మీ ఫంక్షన్‌ని పిలుస్తుంది. అప్పటిదాకా టైప్ చేసినదాన్ని ముక్కలు చేసి కంప్_వర్డ్స్ అనే అర్రేలో, అంటే వరుస జాబితాలో పెడుతుంది. కర్సర్ ఎన్నో ముక్క దగ్గర ఉందో కంప్_సీవర్డ్‌లో చెబుతుంది. మీరు సమాధానాలు కంప్‌రిప్లైలో నింపితే చాలు. దీనికి మళ్లీ హెల్పర్లు దేనికి అనిపిస్తుంది.

చిక్కంతా ఆ ముక్కలు చేయడంలోనే ఉంది. స్క్రీన్ మీద చూడండి. డిప్లాయ్ అని నేను ఊరికే పేరు పెట్టిన స్క్రిప్ట్ ఒకటి ఉంది. దానికి వెబ్:ప్రాడ్, వెబ్:టెస్ట్ అని రెండు ఆప్షన్లు. డిప్లాయ్ అని కొట్టి, వెబ్ కోలన్ 'ప్రా' దాకా టైప్ చేసి ట్యాబ్ నొక్కుతున్నా. ఏమీ రాలేదు. ఎందుకంటే బ్యాష్ కోలన్ దగ్గర పదాన్ని విరిచేసింది. మన ఫంక్షన్‌కి 'వెబ్' ఒక ముక్క, కోలన్ ఒక ముక్క, 'ప్రా' ఇంకో ముక్కగా అందాయి. 'ప్రా'తో మొదలయ్యే ఆప్షన్ మన జాబితాలో లేదు మరి. ఈక్వల్ గుర్తుతోనూ ఇదే గోల.

ఇక్కడ _ఇనిట్_కంప్లీషన్ రంగంలోకి దిగుతుంది. మైనస్ ఎన్ పెట్టి కోలన్ ఇస్తే, కోలన్ దగ్గర విరవొద్దని దానికి చెప్పినట్టు. అప్పుడు కర్ అనే వేరియబుల్‌లో 'వెబ్:ప్రా' మొత్తం ఒకే ముక్కగా వస్తుంది. మళ్లీ ట్యాబ్ నొక్కుతున్నా. ఇప్పుడు చూడండి, వెబ్:వెబ్:ప్రాడ్ అని పడింది! మనం మొత్తం పదం ఇచ్చాం, కానీ బ్యాష్ తన లెక్క ప్రకారం కోలన్ తర్వాతి ముక్కని మాత్రమే మార్చింది. దీనికి మందు __ఎల్‌ట్రిమ్_కోలన్_కంప్లీషన్స్. పేరు కొండవీటి చేంతాడంత ఉన్నా పని ఒక్కటే, సమాధానాల్లోంచి కోలన్ దాకా ఉన్న భాగాన్ని కోసేయడం. ఫంక్షన్ చివర్లో దాన్ని పిలిస్తే లైన్ సరిగ్గా వెబ్:ప్రాడ్ అవుతుంది. నన్నడిగితే ఈ రెండింటి కోసమే ఆ ప్యాకేజీ ఉంచుకోవచ్చు. కోడ్ మార్పుల లెక్క చూసే గిట్ టూల్ కూడా తన కంప్లీషన్ ఫైల్లో విరిగిన పదాల్ని మళ్లీ అతికించడానికి సొంత ఫంక్షన్ రాసుకుందంటే తలనొప్పి ఏ పాటిదో ఆలోచించండి.

_ఇనిట్_కంప్లీషన్ పిలిచాక ఫెయిలైతే వెంటనే రిటర్న్ అయ్యేలా రాయడం మర్చిపోకండి. గ్రేటర్ దాన్ గుర్తు పెట్టి అవుట్‌పుట్‌ని ఫైల్లోకి పంపబోతున్నారనుకోండి, అక్కడ ఫైల్ పేర్లు చూపించే పని అదే చేసేసి, మీ పని లేదని ఆ రిటర్న్ విలువతో చెబుతుంది. అలాగే అది నింపే కర్, ప్రీవ్, వర్డ్స్, సీవర్డ్ అనే వేరియబుల్స్ అన్నీ ముందే లోకల్‌గా, అంటే ఆ ఫంక్షన్ వరకే ఉండేలా ప్రకటించాలి. లేకపోతే ట్యాబ్ కొట్టిన ప్రతిసారీ అవి మీ షెల్‌లోకి కారిపోతాయి.

ఫైల్ పేర్లకు _ఫైల్‌డిర్. దీనికి నా ఓటు పూర్తిగా. కంప్‌జెన్ అవుట్‌పుట్‌ని కోట్స్ లేకుండా నేరుగా అర్రేలోకి తోస్తే, పేరులో ఖాళీ ఉన్న ఫైల్ రెండు ముక్కలవుతుంది. _ఫైల్‌డిర్‌తో ఆ బాధ లేదు. మైనస్ డి ఇస్తే డైరెక్టరీలు మాత్రమే, పీడీఎఫ్ అని ఇస్తే డైరెక్టరీలతో పాటు ఆ ఎక్స్‌టెన్షన్ ఫైళ్లు మాత్రమే.

_పార్స్_హెల్ప్ దగ్గర మాత్రం నాకు అనుమానం ఉంది. మీ కమాండ్‌ని హెల్ప్ ఆప్షన్‌తో నడిపి, వచ్చిన టెక్స్ట్‌లోంచి ఆప్షన్లు ఏరి ఇస్తుంది. వినడానికి భలే ఉంది. కానీ ట్యాబ్ నొక్కిన ప్రతిసారీ కమాండ్ నిజంగానే నడుస్తుంది. మొదలవడానికే రెండు సెకన్లు తీసుకునే టూల్ అయితే ట్యాబ్ కూడా రెండు సెకన్లు ఆగుతుంది. ఇంకో ప్రమాదం, మీ స్క్రిప్ట్ ఆర్గ్యుమెంట్లు పట్టించుకోకుండా నేరుగా పనిలోకి దిగేదైతే, ట్యాబ్ కొడితేనే ఆ పని జరిగిపోతుంది. డిలీట్ చేసే స్క్రిప్ట్ అయితే ఇక చెప్పక్కర్లేదు. ఆప్షన్లు పది లోపే ఉంటే చేత్తో రాసేయండి.

చేత్తో రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. కంప్‌జెన్‌కి మైనస్ డబ్ల్యూతో ఇచ్చే జాబితాని బ్యాష్ ఊరికే పదాలుగా చూడదు, అందులో డాలర్ గుర్తు పెట్టిన వేరియబుల్ ఉంటే దాన్ని ఎక్స్‌పాండ్ చేస్తుంది, అంటే పేరు బదులు దాని విలువ పెడుతుంది, డాలర్ పక్కన బ్రాకెట్లలో కమాండ్ ఉంటే నడిపేస్తుంది. మీరు రాసిన స్థిరమైన పదాలైతే ఫర్వాలేదు. బయటి నుంచి వచ్చే ఫైల్ పేర్లు, బ్రాంచ్ పేర్లు నేరుగా అందులో పోయకండి.

_నోన్_హోస్ట్స్_రియల్ సర్వర్ పేర్లు ఇస్తుంది, బాగానే ఉంటుంది. మీరు ఎస్ఎస్‌హెచ్‌తో కనెక్ట్ అయిన సర్వర్ల పేర్లు దాచుకునే నోన్ హోస్ట్స్ ఫైల్లో పేర్లు హ్యాష్ చేసి, అంటే గుర్తుపట్టలేని కోడ్‌గా మార్చి ఉంటే వాటిని చదవలేదు, అంతే.

ఇప్పుడు పేర్ల గొడవ. 2024లో వచ్చిన 2.12 వెర్షన్‌లో ఈ ఫంక్షన్ల పేర్లు మార్చేశారు. అన్నీ _కంప్ అనే ముందు మాటతో మొదలవుతాయి. _ఇనిట్_కంప్లీషన్ కాస్తా _కంప్_ఇనిషియలైజ్ అయింది, _ఫైల్‌డిర్ ఏమో _కంప్_కంప్‌జెన్_ఫైల్‌డిర్ అయింది. పాత పేర్లూ ఇంకా నడుస్తాయి కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. మీ స్క్రిప్ట్ పాత సర్వర్ల మీద కూడా నడవాలంటే పాత పేర్లే మేలు. మీ మెషీన్ ఒక్కటే అయితే కొత్తవి వాడండి. అందులో _కంప్_కంప్‌జెన్_స్ప్లిట్ ఒకటుంది, ఇందాక చెప్పిన ఎక్స్‌పాన్షన్ ప్రమాదం లేకుండా జాబితాని ముక్కలు చేస్తుంది. మ్యాక్‌తో పాటు వచ్చే బ్యాష్ 3.2 మీద మాత్రం ఈ కొత్త ప్యాకేజీ నడవదు, బ్యాష్ కొత్తది వేసుకోవాల్సిందే.

మీ ఫైల్‌ని హోమ్ డైరెక్టరీలో డాట్ లోకల్, షేర్, బ్యాష్-కంప్లీషన్, కంప్లీషన్స్ ఫోల్డర్‌లో, కమాండ్ పేరుతోనే పెట్టండి. మొదటిసారి ట్యాబ్ నొక్కినప్పుడే లోడ్ అవుతుంది కాబట్టి టెర్మినల్ తెరుచుకోవడం నెమ్మదించదు. ఒకసారి లోడ్ అయ్యాక ఫైల్ మార్చినా ఆ టెర్మినల్‌కి తెలియదు, సోర్స్ కమాండ్‌తో ఆ ఫైల్‌ని మళ్లీ చదివించండి. అప్పటికీ పాత తీరే కనిపిస్తే, కంప్లీట్ మైనస్ పి పక్కన మీ కమాండ్ పేరు ఇచ్చి, ఏ ఫంక్షన్ తగిలించి ఉందో ముందు చూసుకోండి.