జపనీస్ చీజ్‌కేక్‌కి నిదానమైన వేడి

శ్రోతలకు నమస్కారం. బెంగళూరు కేఫ్‌ల అద్దాల అరల్లో జపనీస్ చీజ్‌కేక్ చూసే ఉంటారు. ఎత్తుగా పొంగి, పైన నున్నగా లేత గోధుమరంగులో, వేలితో నొక్కితే మళ్లీ పైకి లేచే కేక్ అది. దాన్ని ఇంట్లో చేద్దామంటే చాలామందికి టెన్షన్. పగులుతుందేమో, పొయ్యిలోంచి తీయగానే కుంగిపోతుందేమో అని. ఈ కేక్ కుదరడం, కుదరకపోవడం సామాన్ల ఖరీదు మీద ఆధారపడదు, వేడి మీద ఆధారపడుతుంది. మారతహళ్లి ఫ్లాట్‌లో ఉన్న మామూలు ఓటీజీ, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు పొయ్యి, దీనికి చాలు.

జపాన్‌లో ఒసాకా నగరం ఈ కేక్‌కి బాగా పేరుపడింది. అక్కడ రికురో ఓజిసాన్ అనే దుకాణంలో పొయ్యిలోంచి కొత్త కేకులు దిగగానే గంట మోగిస్తారు. ప్రతి కేక్ మీదా నవ్వుతున్న పెద్దాయన ముఖం ముద్ర వేస్తారు. అడుగున కిస్‌మిస్‌లు ఉంటాయి. అమెరికా వాళ్ల న్యూయార్క్ చీజ్‌కేక్‌లో క్రీమ్ చీజ్ కిలోకి దగ్గరగా పడుతుంది, ముక్క తింటే కడుపు బరువెక్కుతుంది. జపనీస్ పద్ధతిలో పావుకిలో చాలు. మిగతా ఎత్తంతా తెల్లసొనలో పట్టిన గాలే. బేకింగ్ పౌడర్ వెయ్యనక్కర్లేదు.

ఎనిమిది అంగుళాల గిన్నెకి కొలతలు చెబుతాను, రాసుకోండి. క్రీమ్ చీజ్ 250 గ్రాములు, ఉప్పులేని వెన్న 50 గ్రాములు, పాలు 100 మిల్లీలీటర్లు, మైదా 60 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 20 గ్రాములు, పంచదార 130 గ్రాములు, గుడ్లు ఆరు, నిమ్మరసం ఒక పెద్ద చెంచా. కప్పులతో కొలవకండి, తూకం వెయ్యండి. నీచు వాసన పడనివాళ్లుంటే నిమ్మతొక్క తురుము, కాస్త వెనిల్లా తప్పకుండా వెయ్యండి.

గిన్నె అడుక్కి, చుట్టూ బటర్ పేపర్ వెయ్యాలి. పేపర్ గిన్నె అంచు కంటే రెండు వేళ్లు పైకి ఉండాలి. క్రీమ్ చీజ్, వెన్న, పాలు వేడినీళ్ల మీద పెట్టి ఉండలు లేకుండా కరిగించి, గోరువెచ్చగా అయ్యాక పచ్చసొనలు, నిమ్మతొక్క తురుము, వెనిల్లా, జల్లించిన పిండి కలిపి, మొత్తాన్నీ ఒకసారి వడకట్టండి. ఇంతవరకూ ఎవరైనా చెయ్యగలరు.

అసలు పని తెల్లసొనది. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే సొనలు విడదీస్తే తేలిగ్గా విడిపోతాయి. తర్వాత కాసేపు బయట ఉంచితే బాగా నురగ వస్తుంది. తెల్లసొన కొట్టే గిన్నెకి జిడ్డు ఉండకూడదు, పచ్చసొన చుక్క కూడా పడకూడదు, ఎందుకంటే కొవ్వు నురగని నిలవనివ్వదు. నిమ్మరసం వేసి గిలక్కొడుతూ పంచదార మూడు విడతలుగా వెయ్యండి. బీటర్ పైకెత్తితే నురగ కొస మెల్లగా వంగాలి. అక్కడ ఆపెయ్యండి! ఇంకా కొడితే నురగ బిగిసిపోతుంది, పొయ్యిలో ఒక్కసారిగా పొంగి కేక్ పైభాగం చీలుతుంది. మన ఊరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి బుడగలు చెన్నైలో కంటే ఇక్కడ కాస్త ఎక్కువగా వ్యాకోచిస్తాయి. అందుకని మెత్తటి కొస దగ్గర ఆగడం ఇక్కడ మరీ ముఖ్యం.

నురగలో మూడో వంతు ముందు చీజ్ మిశ్రమంలో కలిపి దాన్ని పలచన చేసుకోండి, తర్వాత మిగతాది అడుగు నుంచి పైకి తిప్పుతూ కలపండి. సరిగా కలవకపోతే చీజ్ కిందికి దిగిపోయి, కేక్ అడుగున తడిసిన గట్టి పొర పడుతుంది. కలిపాక పిండి గరిటెజారుగా, ఒకే రంగులో ఉండాలి.

ఇక వేడి. కేక్ గిన్నెని పెద్ద ట్రేలో పెట్టి, చుట్టూ అంగుళం ఎత్తు వేడినీళ్లు పొయ్యాలి. అడుగు ఊడే గిన్నె అయితే బయట రెండు పొరల ఫాయిల్ చుట్టండి, లేదంటే నీళ్లు లోపలికి వస్తాయి. పొయ్యి ఎంత వేడెక్కినా నీళ్లు మరిగే వేడిని దాటవు, అదీ బెంగళూరులో 97 డిగ్రీల దగ్గరే. అందుకే గిన్నె అంచులు మాడకుండా, మధ్యభాగం నిదానంగా ఉడుకుతుంది. ఓటీజీని 150 డిగ్రీలకి ముందే వేడి చేసి, ట్రేని కింది అరలో పెట్టండి. పై రాడ్ దగ్గరైతే పైభాగం ముందే గట్టిపడి, కింద పొంగేది దాన్ని పగలగొడుతుంది. ఓటీజీ మీద అంకె చూపించే వేడి, లోపలి వేడి ఒకటి కావు. ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, ఈ కేక్‌కి అంతకంటే పనికొచ్చే వస్తువు లేదు.

గంటా పది నిమిషాలు పట్టొచ్చు. మధ్యలో తలుపు తియ్యకండి. కరెంటు పోయినా తియ్యకండి. అపార్ట్‌మెంట్ జనరేటర్ మీద ఓటీజీ నడవకపోవచ్చు, కానీ కొద్ది నిమిషాల్లో కరెంటు వస్తే, తలుపు మూసే ఉంటే చాలావరకు కేక్ దక్కుతుంది. కేక్ పైభాగం రంగు తిరిగి, గిన్నెని కదిపితే మధ్యలో జున్నులా కొద్దిగా ఊగితే స్విచ్ కట్టెయ్యండి. తలుపు సందుగా తీసి అరగంట వదిలెయ్యండి. ఒక్కసారిగా చల్లగాలి తగిలితే బుడగలు కుంచించుకుపోయి కేక్ నడుము దగ్గర కుంగిపోతుంది. నిదానంగా చల్లారినా ఒక వేలు మందం దిగడం సహజమే, దానికి బాధపడొద్దు.

గుడ్డు లేకుండా చెయ్యొచ్చా అని ఈ ఊళ్లో తప్పకుండా అడుగుతారు. హాసన్ నుంచి వచ్చిన అయ్యంగార్ల బేకరీలు ఇక్కడ తరాలుగా గుడ్డు తగలని కేకులు పెడుతున్నాయి కదా, అడగడం న్యాయమే. కానీ ఈ కేక్‌ని నిలబెట్టేదే తెల్లసొన. అది తీసేస్తే వచ్చేది వేరే తీపి. ఇంట్లో గుడ్డు తినని అత్తయ్యగారికి బిస్కెట్ పొడి అడుగున పరిచి, పొయ్యి అక్కర్లేని చీజ్‌కేక్ విడిగా చెయ్యండి. ఆవిడ దాన్ని ఇష్టంగా తింటారు.

వెచ్చగా తింటే మెత్తగా కరుగుతుంది, నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి తింటే చీజ్ రుచి తేలుతుంది. నాకు రెండోదే ఇష్టం. చాకుని వేడినీళ్లలో ముంచి, తుడిచి కోస్తే ముక్క నలగదు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది, ఉల్లిపాయలకి మాత్రం దూరంగా పెట్టండి. నమస్కారం.